చినుకు జబ్బు

ఫిబ్రవరి 11

వదినా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం కాదు, హుకుం. "నువ్వక్కడ వెలగబెట్టే ఉద్యోగమేమిటో నా కుట్టుషాపుకి వచ్చేవాళ్ళకి చెప్పలేక చస్తున్నాను, నాలుగు ముక్కల్లో రాసి పారెయ్" అన్నావు. ఫోనులో చెబుదామంటే పంపుహౌసు మోతకి అన్నయ్య చెవులు ఏనాడో పోయాయి. నీకేమో ఫోను పట్టుకుంటే మిషను తొక్కడం కుదరదు. కాబట్టి ఓపిగ్గా చదువుకో.

మా దగ్గర ఒక పెద్ద కంప్యూటరుంది. దాని పొట్టలో భూమి మొత్తం ఉంది. సముద్రం, గాలి, మబ్బు, మంచు అన్నీ లెక్కలే. దాన్ని మోడల్ అంటాం. రాబోయే యాభై ఏళ్ళలో ఎండలూ వానలూ ఎలా మారతాయో అది చెబుతుంది. దాని మాట నమ్మొచ్చా లేదా అని తేల్చడం నా పని. ఎలా తేలుస్తాననుకున్నావు? దాన్ని ముప్ఫై ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెడతాను. ఆ తర్వాత జరిగిన ముచ్చట్లేవీ దాని చెవిన పడనివ్వను. "ఇప్పుడు చెప్పు, ముందుముందు ఏం జరుగుతుంది?" అంటాను. అది చెప్పినదాన్నీ నిజంగా జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి మార్కులేస్తాను. అంటే జరిగిపోయినదానికి జోస్యం చెప్పించి జీతం తీసుకుంటున్నానన్నమాట. నీ షాపులో ఈ మాట మాత్రం చెప్పకు, పరువు పోతుంది.

మేం కూర్చునే గదికి కిటికీల్లేవు. బయట వాన పడుతోందో లేదో తెలియకుండానే వానల మీద తీర్పులిస్తుంటాను. యంత్రాలు వేడెక్కకుండా చల్లగాలి వదులుతారు గనక నడి ఎండాకాలంలో కూడా నువ్వు అల్లిన స్వెట్టరే నాకు గతి.

ఇంకో సంగతి వింటే నవ్వుతావు. మా మోడల్‌కి ఒక జబ్బుంది, చినుకు జబ్బు. నిజంగా నాలుగు రోజులు పొడిగా ఉండి ఐదోరోజు వాన పడిందనుకో, ఇది ఐదు రోజులూ తుంపర కురిపిస్తుంది. మన పెద్దమ్మ పొద్దున లేచింది మొదలు సణుగుతూనే ఉండేది చూడు, అచ్చం అదే బాపతు. వాన విషయంలో దీని మాట సగం తీసేసి వినాలని మేం ఇక్కడ నవ్వుకుంటాం.

అన్నయ్యకి ఈ ఉత్తరం చూపించు. పెద్దమ్మ మాట దగ్గర నవ్వకపోతే నన్నడుగు.

ఇట్లు
నీ అర్ధమొగుడు


ఫిబ్రవరి 27

ఆడపడుచుగారికి,

"ఆడపడుచు అర్ధమొగుడు" అని ఎవరో ఏడవలేక అన్న సామెతని సంతకంగా వాడుకునే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను. ఉన్న పూర్తి మొగుడితోనే వేగలేక చస్తుంటే పైన ఇంకో సగమా!

నీ ఉత్తరం మీ అన్నయ్య పంపుహౌసుకి పట్టుకుపోయి అక్కడున్నవాళ్ళందరికీ చదివాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చిందట. ఆయన సంగతి నీకు తెలుసుగా. చెవులు పోయాక పంపు తిరుగుతోందో లేదో దాని మీద అరచెయ్యి ఆనించి తెలుసుకుంటాడు. నా మిషను మీద కూడా అలాగే చెయ్యి పెట్టి "బెల్టు వదులైంది" అంటాడు. ఒళ్ళు మండుతుంది గానీ, ప్రతిసారీ నిజమే.

ఇక్కడో గొడవ నడుస్తోంది. మునిసిపాలిటీ వాళ్ళు మిట్ట మీద ఇళ్ళు కట్టారు. రానురాను వానలు ముదురుతాయట, మన పల్లపు వీధి మునుగుతుందట. అక్కడికి పోదామనుకునేవాళ్ళు ఏప్రిల్ ఆఖరుకల్లా సంతకం పెట్టాలి. వీధిలో సగం మందైనా ముందుకు రాకపోతే ఆ ఇళ్ళు వేరే పేటకి ఇచ్చేస్తారు. మొన్న స్కూల్లో మీటింగు పెట్టారు. కుర్ర ఇంజనీరు తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించి "కంప్యూటరు చెప్పింది" అన్నాడు. మీ అన్నయ్య లేచి, "ఆ కంప్యూటరుకి మార్కులేసేది మా చెల్లెలే బాబూ. దానికి చినుకు జబ్బుందట. సగం తీసేసి వినమంది" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఇంజనీరు ముఖం చూసి నాకే జాలేసింది.

వీధి వీధంతా మీ అన్నయ్య ముఖం చూస్తోంది. వీధిలో చేరిన వాన నీళ్ళు తోడిపోసే పంపు మనిషే ఇల్లు ఖాళీ చేస్తే ఇంకెవరుంటారు? ఆయన కదలకపోతే ఎవరూ కదలరు. ఆయనేమో నీ ముఖం చూస్తున్నాడు. కాబట్టి సరదాలు పక్కన పెట్టి చెప్పు, మేము పోవాలా, ఉండాలా?

నాదొక అనుమానం. స్కూలు పిల్లాడికి పాత కొలతలతో చొక్కా కుడితే అది పోయినేడాది పిల్లాడికి సరిపోతుంది. వాడు పెరుగుతున్నాడు కదా. గడిచిన ముప్ఫై ఏళ్ళకి సరిపోయిన యంత్రం రేపటికి సరిపోతుందని నీకెలా తెలుసు?

ఉంటాను. గుండీలు కుట్టాలి.

నీ వదిన


మార్చి 15

వదినా,

ముందుగా చేతులు జోడించి ఒక మనవి. నా మాటలు మీటింగుల్లో చెప్పొద్దని అన్నయ్యతో అను. ఆఫీసులో మా పెద్దాయనకి తెలిస్తే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. ఇంట్లో వేసుకునే జోకు వేరు, వీధిలో మాట వేరు.

నీ చొక్కా ప్రశ్న మా వాళ్ళకి చెబితే ఇద్దరు నోట్లో పెన్ను పెట్టుకుని ఆలోచనలో పడ్డారు. అందుకే మేం జరిగినదాన్ని దాచిపెట్టేది. కొలత తీసుకుని కుట్టిన చొక్కా సరిపోతే గొప్పేముంది? ఐదేళ్ళ పిల్లాణ్ణి చూసి, పదేళ్ళప్పుడు ఎంతవుతాడో ఊహించి కుట్టి, అది సరిపోయిందనుకో, అప్పుడు ఆ దర్జీని నమ్ముతాం. అయినా పదిహేనేళ్ళకి కుట్టేది సరిపోతుందని ఒట్టు వెయ్యలేం. నమ్మకం పెరుగుతుంది, అంతే.

పోవాలా ఉండాలా అంటే నేనిప్పుడు చెప్పలేను వదినా. పాత మోడల్ భూమిని పెద్దపెద్ద గళ్ళుగా చూస్తుంది. మీ వీధి, మిట్ట, సముద్రం అన్నీ ఒకే గడిలో పడతాయి. అది చూసి మీ ఇంటి సంగతి చెప్పడమంటే చిలక జోస్యమే. చిన్నచిన్న గళ్ళతో కొత్త మోడల్ తయారవుతోంది. దాని పరీక్ష నా చేతిలోనే ఉంది. ఏప్రిల్ మొదట్లో ఫలితం వస్తుంది. అందాకా తొందరపడకండి. తెలిసీ తెలియక ఒక మాట అని మిమ్మల్ని ఇల్లు కదిలించిన పాపం నాకొద్దు.

స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగింది. ఇంకొకటి అల్లుతావా, లేక పూర్తి మొగుడికే అల్లుతావా?

నీ అర్ధమొగుడు


ఏప్రిల్ 6

వదినా!

బాగా వచ్చింది! ఫలితం చాలా చాలా బాగా వచ్చింది! మీకు కబురు పెట్టకుండా ఉండలేక అయిదు నిమిషాల్లో గీకుతున్నాను. ముప్ఫై ఏళ్ళు దాచిపెట్టి అడిగితే పదేళ్ళకి పదేళ్ళు వానలెలా మారాయో దాదాపు అంతా చెప్పేసింది. నన్ను అన్నయ్య భుజాల మీద మోసుకుని నీళ్ళు దాటించాడే, అలాంటి వానల ఏళ్ళు మొత్తం ఎన్ని వచ్చాయో కూడా చెప్పింది. ఎవరూ చెప్పకుండానే! మా గదిలో ఒకళ్ళనొకళ్ళం కావలించుకున్నాం. పెద్దాయన ఎప్పుడూ నవ్వని మనిషి, ఆయన కూడా "బాగా వచ్చింది" అన్నాడు.

ఇన్నాళ్ళకి నా పనికి అర్థం దొరికింది వదినా. ఇక నిశ్చింతగా నమ్మొచ్చు. వివరాలు తీరిగ్గా రాస్తాను. మీరిద్దరూ హాయిగా పడుకోండి, నేనూ పడుకుంటాను.

నీ అర్ధమొగుడు


ఏప్రిల్ 30

మా బంగారు ఆడపడుచుకి,

నీ నోట్లో చక్కెర పొయ్య! నీ ఉత్తరం చదివాక మా గుండెల మీద బరువు దిగింది. మీ అన్నయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు. "మా చెల్లెలు రాసింది, ఫలితం బాగా వచ్చిందట, హాయిగా పడుకోమంది." నువ్వు మీటింగుల్లో చెప్పొద్దన్నావు గనక మీటింగులో చెప్పలేదు. గుమ్మాల్లోనే చెప్పాడు.

సంతకాల గడువు ఇవాళ్టితో సరి. మన వీధిలో ఒక్కరు కూడా పెట్టలేదు. ఇంజనీరు పాపం రెండుసార్లు వచ్చాడు. ఆయన వెళ్ళాక "చినుకు జబ్బు వెళ్ళింది" అని నవ్వుకున్నారు. ఇప్పుడు మన వీధిలో అదొక ఊతపదం అయిపోయింది. ఊరికే సణిగేవాళ్ళని, అనవసరంగా బెదిరించేవాళ్ళని చినుకు జబ్బు అంటున్నారు.

నేను ముందుగదిలో గోడ కొట్టించి గుడ్డలు కత్తిరించే బల్ల పెద్దది వేయించాను. పోతామో ఉంటామో తెలియక ఇన్నాళ్ళూ వాయిదా వేశాను కదా. మీ అన్నయ్య దాని మీద అరచెయ్యి పెట్టి, "ఇది పంపు కాదుగదా, ఎందుకు పెట్టానో" అని తనే నవ్వాడు. ఆయన అంత తేలిగ్గా నవ్వి ఎన్నాళ్ళయిందో.

కొత్త స్వెట్టరు మొదలుపెట్టాను. ఏ రంగో చెప్పను.

నీ వదిన


మే 8

వదినా,

నీ ఉత్తరం చదివాక చేతిలో పని వదిలేశాను. వెంటనే ఫోను చేశాను. అన్నయ్య ఎత్తి "హలో, హలో" అని అరిచి, నా గొంతు వినబడక పెట్టేశాడు. మళ్ళీ చేస్తే నువ్వు ఎత్తావు, అరుచుకున్నాం, ఏమీ తేలలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దయచేసి కోపం పక్కన పెట్టి నెమ్మదిగా చదువు.

బాగా వచ్చిందంటే మీకు మంచి జరుగుతుందని కాదు. పరీక్ష బాగా వచ్చిందని. అంటే ఈ మోడల్ చెప్పే మాట నమ్మొచ్చని. అది ఏం చెబుతుందో అప్పటికి నేనింకా చూడనేలేదు. ఇప్పుడు చూశాను. మీ వైపు వానలు ముదురుతాయంటోంది. ఇంజనీరు బొమ్మల కంటే ఘోరంగా ఉంది. పరీక్షలో ఫెయిలై ఉంటే బావుండేది వదినా. నా బతుకులో మొదటిసారి అలా కోరుకుంటున్నాను.

ఇంకోటి. చినుకు జబ్బు గురించి రాసింది తలకిందులుగా చేరింది మీకు. నెలకి కురవాల్సిన నీళ్ళు ఒక బిందెడు అనుకో. మా మోడల్ రోజుకో గ్లాసు చొప్పున చల్లుతుంది. నిజం వాన బిందెని ఒక్కసారే నెత్తిన కుమ్మరిస్తుంది. కాబట్టి సగం తీసేయాల్సింది వాన పడే రోజుల లెక్కలో. పెద్ద వాన సంగతికొస్తే అది చెప్పినదానికి ఇంకా కలుపుకుని వినాలి. నాకు తెలుసు ఆ సంగతి. నవ్వించాలని మొదటి సగమే రాశాను.

అన్నయ్య పంపులు తోడగలిగిన నీళ్ళు ఎంతో నాకు తెలుసు. అవి చాలవు. మునిసిపాలిటీకి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడండి. గడువు దాటినా సరే.

నీ చెప్పుతో నన్ను కొట్టు, కానీ కదలండి.

నీ అర్ధమొగుడు


మే 26

ఆడపడుచుకి,

ఫోనులో అన్న మాటలు మళ్ళీ అనను. అవి కాగితం మీద ఉండకూడదు.

నీ ఉత్తరం ఆయన చదివాడు. చదివి, మడిచి, "ముందు సగం తియ్యమంది, ఇప్పుడు కలపమంటోంది. పంపు తిరిగితే తిరుగుతోందంటాం, ఆగితే ఆగిందంటాం. దీని భాషేమిటో నాకర్థం కాదు" అన్నాడు. నేను నీ తరపున మాట్లాడలేదు. నాకూ అర్థం కాలేదు గనక.

అయినా మర్నాడు చొక్కా మార్చుకుని మునిసిపాలిటీకి వెళ్ళాడు. చెయ్యి చాచి అడగడం ఆయనకి చేతకాదు, నీకు తెలుసు. ఆ కుర్ర ఇంజనీరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, వినపడదని కాగితం మీద రాసి చూపించాడట. ఇళ్ళు పక్కపేట వాళ్ళకి ఇచ్చేశారు, వాళ్ళు తాళాలు కూడా తీసుకున్నారు. ఆ కుర్రాడు నవ్వకుండా, దెప్పకుండా రాశాడట. దెప్పినా బావుండేదన్నాడు మీ అన్నయ్య.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు మళ్ళీ. ఈసారి, వానలు ముదురుతాయట, చుట్టాలుంటే వాళ్ళ దగ్గరికి పొండి అని. జనం ఏమన్నారో తెలుసా? "ఏం బాబాయ్, నీక్కూడా అంటుకుందా చినుకు జబ్బు?" అన్నారు. ఇంటికొచ్చి ఆ కొత్త బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

మనం పోదాం, మా అక్క దగ్గరుందాం అన్నాను. "నా మాట విని ఆగిపోయినవాళ్ళని వదిలేసి నేనెక్కడికి పోను?" అన్నాడు. ఇంక నన్నేమీ అడగొద్దు.

నీ వదిన


జూలై 20

వదినా,

నీ దగ్గర్నుంచి రెండు ముక్కలైనా రాలేదు. రాయకపోయినా ఇది చదువు.

పెద్దాయన్ని బతిమాలాను, మునిసిపాలిటీకి మా సంస్థ తరపున ఒక ఉత్తరం రాయమని. "మనం దశాబ్దాల గురించి చెబుతాం, వీధుల గురించి కాదు" అన్నాడు. ఆయనది తప్పని కూడా అనలేను. మోడల్ ఏ రోజని చెప్పదు. ఏ ఏడని కూడా చెప్పదు. ఈ ఏడే కావచ్చు, ఇరవై ఏళ్ళకి కావచ్చు. నిజం తెలిసి కూడా తేదీ చెప్పలేకపోవడం ఎంత దరిద్రమో నీకెలా చెప్పను?

ఒక్కటే అడుగుతున్నాను. ఎప్పుడైనా ఎడతెరిపి లేకుండా కురిస్తే నువ్వు మిట్ట మీద స్కూలుకి వెళ్ళిపో. అన్నయ్యని చెయ్యి పట్టి లాక్కెళ్ళు. కేకేస్తే వినబడదు, చెయ్యి పట్టుకునే లాగాలి.

నీ అర్ధమొగుడు


అక్టోబర్ 19

ఆడపడుచుకి,

దినాలకి నువ్వు వచ్చినప్పుడు నీతో మాట్లాడలేదు. నువ్వు నా పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోయాను. అందరూ చూశారు. చూడనీ.

ఇంకా స్కూల్లోనే ఉన్నాం. బల్లలు జరిపి తరగతికి నాలుగు కుటుంబాలు. నా మిషను బురదలోంచి తీశారు, చక్రం తిరగడం లేదు. కత్తిరింపు బల్ల కనబడలేదు.

నువ్వు రాసినట్టే చేశాను. ఆ వాన రోజు మధ్యాహ్నానికే గుమ్మందాకా నీళ్ళు వచ్చేశాయి. పంపుహౌసుకి వెళ్ళి ఆయన చెయ్యి పట్టి లాగాను. వచ్చాడు, మిట్ట మొదటిదాకా వచ్చాడు. వెనక్కి తిరిగి వీధి చూశాడు. డాబాల మీదికి పిల్లల్ని ఎక్కిస్తున్నారు, మంచాలు ఎత్తుతున్నారు. నా చెయ్యి వదిలించుకుని, "వాళ్ళు ఎక్కేదాకా పంపు నడవాలి" అని వెళ్ళిపోయాడు. నాకంత బలం లేదు. మొదటి పంపు మునిగిపోయిందట. రెండోదాని మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడట. వచ్చెయ్యమని గట్టు మీంచి అందరూ కేకలేశారట. ఆయనకి కేకలు వినపడవుగా. చేతి కింద పంపు తిరుగుతుంటే ఆయన కదలడు.

డాబాలెక్కినవాళ్ళు బతికారు. పక్కింటి ముసలాయన పోయాడు. మీ అన్నయ్యని చినుకు జబ్బు అని ఇప్పుడెవరూ అనడం లేదు.

నీ మీద కోపంగా ఉందా అంటే ఉంది. అది పోదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వలా సంతకం పెడితే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నాకు మిగిలింది ఆ సగమే. దాన్ని చూడాలని లేదు, వదులుకోవాలనీ లేదు. కొన్నాళ్ళు రాకు.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలి. ఆ రోజు పడిన వాన నీ యంత్రానికి తెలుసా? అది చెప్పినంతే పడిందా, ఇంకా ఎక్కువా? ఆయన అడిగేవాడు. అందుకని అడుగుతున్నాను.

వదిన


నవంబర్ 23

వదినా,

నువ్వడిగావు గనక రాస్తున్నాను. లేకపోతే నీకు ఉత్తరం రాసే ముఖం నాకు లేదు.

ఈ ఏడాది కొలతలు మాకు వచ్చాయి. ఆ వాన ఇప్పుడు మా పరీక్షలో ఒక ప్రశ్న. సముద్రం ఎంత వేడిగా ఉందో, గాలులు ఎటు ఉన్నాయో అవి మాత్రం మోడల్‌కి ఇచ్చి, వాన సంగతి దాచిపెట్టి, ఆ నెలని దానిచేత మళ్ళీ నడిపించాం. నన్ను వద్దన్నారు, ఇంకొకరు చేస్తారన్నారు. నేనే చేస్తానన్నాను.

నెల మొత్తానికి కురిసిన నీళ్ళ లెక్క దాదాపు సరిపోయింది. పెద్దాయన నా వెనక నిలబడి తెర చూసి, "బాగా వచ్చింది" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. మంచివాడే. నీ కొత్త స్వెట్టరు నా ఒంటి మీదే ఉంది. అన్నయ్య పోయాక కూడా అది పూర్తి చేసి, మాట్లాడకుండా నా సంచిలో పెట్టావు. రంగు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. అది అన్నయ్య పాత మఫ్లరు ఊలు.

నువ్వడిగింది ఆ ఒక్క రోజు గురించి. నీకూ అన్నయ్యకీ అబద్ధం చెప్పను. జబ్బు నయం కాలేదు వదినా. మా యంత్రం ఆ బిందెడు నీళ్ళనీ రోజుకో గ్లాసు చొప్పున నెలంతా చల్లింది. ఆ రోజున కూడా ఒక గ్లాసే. దాని లోకంలో మీ వీధిలో పాదాలు తడిసేటంత నీళ్ళే ఉన్నాయి. రెండు పంపులూ తోడేశాయి. అన్నయ్య సాయంత్రం గొడుగు ముడిచి ఇంటికొచ్చాడు.

నీ ఆడపడుచు